నడవలేనివాని నౌకావిహారము



నేడు నేను మాటలాడబోవు విషయము మొబిలిటీ స్కూటరు, దానితో నేను చేసిన నౌకాయానము. స్కూటరనగానే మనవారికి వీథులలో పొగ వదలుచు పోవు రెండుచక్రముల బండి జ్ఞప్తికి వచ్చును. ఇది అది కాదు. మూడుగాని నాలుగుగాని చిన్న చక్రములు, వానిపై ఒక పలక, పలకపై కుర్చీ, ఎదుట నిలువుగా ఒక కమ్మి, దాని కొనను చేతిపిడులు. ఇంతియే దాని రూపము. కుర్చీక్రింద బ్యాటరీ యుండును. పిడివద్దనున్న మీట నొక్కినచో కదలును, వదలినచో నిలుచును. చక్రములకుర్చీని త్రోయుటకు సాధారణముగా మరియొకరు కావలెను. దీనికి అక్కరలేదు. ఈ భేదమే దీని ప్రాణము. అమెరికాలో మిషిగన్ రాష్ట్రమువాడైన ఆలన్ థీమ్ అను నాతడు, నరముల వ్యాధిచే నడక తప్పిన తన బంధువుకొరకు 1968వ సంవత్సరమున ఇట్టి బండి నొకదానిని నిర్మించెను. దానికి ‘అమీగో’ అని పేరు పెట్టెను. స్పానిషు భాషలో ఆ మాటకు స్నేహితుడని యర్థము.

నేను కాకినాడలో ఉపాధ్యాయుడనుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. నడుమువద్ద వెన్నెముక సందు ఇరుకై నరములు నొక్కుకొనుటచే, నూరడుగులు వేయునప్పటికి నా కాళ్ళు తిమ్మిరెక్కి నిలువనీయవు. కూర్చున్నచో నొప్పియే లేదు. మూడేండ్లుగా ప్రతి పెండ్లికిని, ప్రతి తీర్థయాత్రకును నేను చెప్పుచు వచ్చినది ఒక్కటే మాట: “మీరు వెళ్ళి రండి, నేనిక్కడ కూర్చుందును.” నా యిల్లాలు మాత్రము వెళ్ళెడిది కాదు, నాతోపాటే కూర్చుండెడిది. నా కాళ్ళకు వచ్చిన జబ్బు ఆమె కాళ్ళనుకూడ కట్టివేసినది. ఈ సంగతి నాకు తెలియకపోలేదు. తెలిసియు ఏమి చేయుటకును తోచలేదు.

మా కుమారుడు ఇంగ్లండులో సౌతాంప్టను నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. మేమచ్చటికి వెళ్ళినప్పుడు అతడు నార్వేదేశపు తీరమునకు ఏడు రాత్రుల విహారనౌకాయాన మేర్పాటు చేయదలచెను. నేను వలదంటిని. అతడు నాతో వాదింపక, మరునాడొక స్కూటరును అద్దెకు తెచ్చి వాకిట నిలిపెను. నేను వీథి చివరవరకు ఒంటరిగా పోయి వచ్చితిని. అటుపిమ్మట వలదనుటకు నాకు నోరు రాలేదు.

ఇక అనుభవముచే నేర్చుకొన్న సంగతులను వరుసగా చెప్పెదను.

మొదటిది గది. ఓడ టిక్కెట్టు కొనుటకు ముందే కొలబద్ద చేతబట్టవలెను. సాధారణమైన ఓడగది తలుపు వెడల్పు సుమారు 58 సెంటిమీటర్లు మాత్రమే యుండును. పెద్ద స్కూటరు అందు దూరదు. చిన్నది దూరినను లోపల తిరుగుటకు చోటుండదు. బండిని వెలుపల నడవలో నిలుపుదమన్న, ఓడవారు ఒప్పరు. అగ్నిప్రమాదము సంభవించినచో అందరును తప్పించుకొనవలసిన దారి అదియే గదా! కావున అంగవైకల్యము కలవారికై ప్రత్యేకముగా కట్టిన గదిని అడుగవలెను. అందు తలుపు సుమారు 81 సెంటిమీటర్ల వెడల్పుండును. స్నానపుగదికి గడప యుండదు. గోడలకు పట్టుకమ్ము లుండును. ఇట్టి గదులు వేలమంది ప్రయాణికులుండు నౌకలోకూడ కొద్దిగానే యుండును గనుక, నెలలకు ముందే పుచ్చుకొనవలెను.

రెండవది వ్రాతమూలకముగా తెలుపుట. స్కూటరు పొడవు, వెడల్పు, బరువు, బ్యాటరీ రకము, ప్రయాణికుడు కొన్ని మెట్లయినను ఎక్కగలడా లేడా యను సంగతి, ఇవన్నియు ఓడ కంపెనీకి ముందుగా వ్రాసి, జవాబు దగ్గర నుంచుకొనవలెను. ఇది ప్రార్థన కాదు, హక్కు. ఐరోపాలో సముద్రప్రయాణికుల హక్కులను గూర్చిన నియమములు 2012వ సంవత్సరము డిసెంబరునుండి అమలులో నున్నవి; బ్రిటనునందును అవి నిలిచియున్నవి. గదికిని పరికరములకును సంబంధించిన అవసరములను టిక్కెట్టు కొనునపుడే చెప్పవలెను. తక్కిన సహాయము కావలసినచో కనీసము 48 గంటలకు ముందు తెలుపవలెను. అమెరికా రేవులకు వచ్చు పరదేశపు జెండాగల విహారనౌకలకు సైతము వికలాంగుల హక్కుల చట్టము వర్తించునని ఆ దేశపు సుప్రీముకోర్టు 2005లో తీర్పు చెప్పెను. మనదేశమున 2016వ సంవత్సరపు చట్టము వికలాంగులకు ప్రయాణసౌకర్యము కల్పింపవలెనని విధించుచున్నది.

మూడవది బ్యాటరీ. రాత్రి గదిలోనే ఎక్కించుకొనవలెను. సీసపు బ్యాటరీ పూర్తిగా నిండుటకు ఆరు మొదలు ఎనిమిది గంటలు పట్టును. గదిలో విద్యుత్తు సాకెట్లు కొద్ది. ఇంటినుండి పొడిగింపు తీగ తెచ్చుకొందమన్న, అగ్నిభయముచే పెక్కు నౌకలలో దానిని నిషేధింతురు. ఏ దేశపు ప్లగ్గు అందు పట్టునో ముందే విచారించి, తగిన అడాప్టరు తీసికొనిపోవలెను. బండిని అమ్మినవాడు చెప్పు దూరమును నమ్మరాదు. చలిలోను, ఎగువదారిలోను, బరువైన మనుష్యుని క్రిందను బ్యాటరీ త్వరగా క్షీణించును. చెప్పిన దూరములో సగమే మనదని తలచి తిరుగువారు దారిలో నిలిచిపోరు.

విమానములో స్వంత బండిని తీసికొనిపోదలచినవారు మరియొక లెక్క తెలియవలెను. విప్పదగిన లిథియము బ్యాటరీ ఒక్కటే యున్నచో దాని శక్తి 300 వాట్-గంటలు మించరాదు; రెండున్నచో ఒక్కొక్కటి 160 మించరాదు. వోల్టులను ఆంపియర్-గంటలచే గుణించినచో ఈ సంఖ్య వచ్చును. 24 వోల్టులు, 10 ఆంపియర్-గంటలు గల బ్యాటరీ 240 అగును గనుక ఒక్కటైనచో చెల్లును. దానిని విప్పి ప్రయాణికుడు తనవెంట విమానములోని కూర్చుండు చోటికే తీసికొనిపోవలెను. విమాన కంపెనీకి ముందుగా తెలుపవలెను. ఈ చిక్కు లేకుండుటకు మేము సౌతాంప్టనులోనే చిన్నబండిని అద్దెకు పుచ్చుకొంటిమి. అది ఐదు ముక్కలుగా విడిపోవును. మోటారుకారు వెనుకపెట్టెలో పట్టును.

నాల్గవది ఓడ యెక్కుట. రేవుగట్టునకు ఓడకు నడుమనుండు వంతెన వాలు ఎల్లవేళల ఒకటిగా నుండదు. సముద్రపు పోటుపాటులనుబట్టి ఓడ లేచుచు దిగుచు నుండును. సౌతాంప్టనులో పెద్ద పోటునాడు నీటిమట్టము సుమారు నాలుగు మీటర్లు మారును. ఉదయము మెత్తగా నున్న వాలు సాయంకాలమునకు నిటారు కావచ్చును. ఎక్కునపుడు వేగము తగ్గించి, శరీరమును ముందునకు వంచి, బండిని నేరుగా నడుపవలెను. ఏటవాలుగా నడిపినచో ప్రక్కకు ఒరగును. మూడుచక్రముల బండి ఇరుకుచోట చక్కగా తిరుగునుగాని, నాలుగుచక్రముల దానివలె స్థిరము కాదు. వాలు మరీ ఎక్కువైనచో దిగి, సిబ్బందికి అప్పగించుటయే మేలు.

ఇచ్చట ఒక హెచ్చరిక. ప్రతి స్కూటరునకును వెనుక ఒక చిన్న మీట యుండును. దానిని త్రిప్పినచో మోటారుతో పొత్తు విడిపోయి, చేతితో త్రోయుటకు వీలగును. అట్లు త్రిప్పినపుడు బ్రేకు పనిచేయదు. ఊగుచున్న ఓడలో ఎవరైన ఆ మీటను త్రిప్పి మరచినచో, బండి తనంత తానే పరుగెత్తును. కూర్చుండుటకు ముందు ఆ మీటను చేతితో తడవి చూచుట నాకు నిత్యకృత్యమైనది.

మా నౌక పొడవు సుమారు 300 మీటర్లు. మాగది ముందుభాగమున, భోజనశాల వెనుకభాగమున. అనగా స్కూటరు లేనిచో నేను ఒకపూట భోజనమునకు పోయివచ్చుటయే అసాధ్యము. భోజనవేళ లిఫ్టులవద్ద జనము క్రిక్కిరిసియుందురు. అరగంట ముందుగానో వెనుకగానో పోవుట మంచిది. మొదటినాటి సాయంకాలము నేను లిఫ్టులోనుండి వెనుకకు నడుపుచు ఒక వృద్ధురాలి పాదమును తొక్కితిని. ఆమె పండ్లు బిగించి, “పరవాలేదు” అనినది. కాని పరవా యున్నదని ఆమె ముఖమే చెప్పెను. నాటినుండి లిఫ్టులో వెనుకకు నడుపవలసినచో ముందుగా బిగ్గరగా చెప్పి, తల త్రిప్పి చూచి కదలుచు వచ్చితిని. నడవలేనివారమని లోకము మనకు దారి ఇచ్చును. ఆ దారిని పాడుచేయకుండుట మనవంతు.

ఓడ బయలుదేరుటకు ముందు ప్రమాదశిక్షణ జరిగెను. 2012 జనవరిలో ఇటలీతీరమున ‘కోస్టా కాంకార్డియా’ నౌక మునిగిన పిమ్మట నియమములు కఠినమైనవి. 2015నుండి ఈ శిక్షణను నౌక కదలుటకు ముందుగాని, కదలిన వెంటనేగాని జరుపవలెను. ఆపదలో లిఫ్టులు వాడరాదు. అట్లయిన నాబోటివాని గతియేమి? ఈ ప్రశ్నను సిగ్గుపడక అడుగవలెను. నేనడుగగా, సహాయము కావలసినవారి పట్టికను, మెట్లమీదుగా దింపుటకు వాడు ప్రత్యేకపు కుర్చీని చూపిరి. పట్టికలో నా పేరున్నదో లేదో చూచుకొని గాని నేను కదలలేదు.

మొదటి రేవు స్టావాంగర్. ఓడ పట్టణము నడుమనే గట్టుకు ఆనుకొని నిలుచును. రేవు పొడవునను దారి సమతలము. నేనును నా భార్యయును ప్రక్కప్రక్కన రెండు గంటలు తిరిగితిమి. పాతపట్టణమున తెల్లరంగు వేసిన చెక్కయిండ్లు కన్నులపండువుగ నున్నవి గాని, వీథులలో గుండ్రాళ్ళు పరచియున్నవి, ఎగుడుదిగుడు. చిన్న చక్రములకు అవి శత్రువులు. కొంతదూరము పోయి, నడుము అదరగా వెనుదిరిగితిని.

రెండవ రేవు గైరాంగెర్. కొండలనడుమ సన్నని సముద్రపుపాయలో ఓడ ఉదయమున పోవుచుండగా, ఎడమప్రక్క కొండమీదినుండి ‘ఏడుగురు అక్కచెల్లెండ్రు’ అను జలపాతము దుముకుచుండెను. ఎదుటికొండపై ‘వరుడు’ అను మరియొక జలపాతము. 2005లో ఈ పాయను ప్రపంచవారసత్వ స్థలముగా గుర్తించిరి. అచ్చట కొన్ని ఓడలకు తేలియాడు వంతెన దొరకును. నాడు మాకు దొరకలేదు. ఓడ నీటిమధ్యమున లంగరు వేయగా, జనమును చిన్నపడవలలో ఒడ్డునకు చేర్చిరి. కాకినాడవారికి ఈ పద్ధతి క్రొత్తది కాదు. మా సముద్రములోకూడ పెద్ద ఓడలు దూరమున నిలువగా, బల్లకట్టులు సరకు మోయుట చూచుచునే యున్నాము. పడవ అలలపై లేచిపడుచుండగా మెట్లుదిగి అందు అడుగు పెట్టవలెను. “మెట్లు దిగగలరా?” అని నావికుడు మర్యాదగా అడిగెను. దిగలేనంటిని. స్కూటరును పడవలోనికి రానీయమనెను. న్యాయమైన మాటయే, నాకు కోపము రాలేదు.

“అయితే నేనూ ఉండిపోతానండీ” అని నా భార్య వెంటనే అనెను. మూడేండ్లుగా వినుచున్న మాట అది. కాని ఈసారి నేను ఒప్పుకొనలేదు. “నీవు వెళ్ళుము. నేను కూర్చుండిపోవుట లేదు, ఓడంతయు తిరిగెదను” అంటిని. ఆమె కోడలితో పడవ దిగినది. నేను డెక్కుమీద ఈ కొననుండి ఆ కొనకు పోయి, ఆ పడవ ఒడ్డు చేరువరకు చూచితిని. తరువాత కాఫీశాలకు పోయి, పుస్తకశాలకు పోయి, మరల డెక్కునకు వచ్చితిని. సాయంకాలమామె తడిసిన చెప్పులతో తిరిగివచ్చి, తాను చూచిన కొండదారిని, పచ్చికలను, ఏటిని గూర్చి గంటసేపు చెప్పెను. అంతసేపు ఆమె తాను చూచినదానిని నాకు చెప్పి ఎన్నాళ్ళాయెనో!

మూడవ రేవు ఓలెసుండ్. 1904 జనవరిలో ఒక రాత్రి అగ్ని ఆ పట్టణమును కాల్చివేయగా పదివేలమంది నిరాశ్రయులైరి. పిమ్మట రాతితోను ఇటుకతోను, ఆనాటి క్రొత్త శిల్పరీతిలో దానిని మరల కట్టిరి. కాలువగట్టున దారి మెత్తన. స్కూటరు చక్కగా సాగెను. ఊరికి పైనున్న ఆక్స్‌లా కొండకు 418 మెట్లున్నవి, బండిదారియు కలదు. టాక్సీ వెనుకపెట్టెలో స్కూటరు ముక్కలుంచి మేమందరము పైకి పోతిమి. ద్వీపములును సముద్రమును కలిసియున్న ఆ దృశ్యమును ఇద్దరమును ఒకేచోటనుండి చూచితిమి.

కావున ప్రయాణము నిశ్చయించుటకు ముందు రేవుల పట్టిక చూచి, ఎచ్చట ఓడ గట్టున నిలుచును, ఎచ్చట లంగరు వేయును అని విచారింపుడు. లంగరు రేవులు తక్కువగానున్న యాత్రను ఎన్నుకొనుడు. 2023లో మన విశాఖపట్టణమునను విహారనౌకల ప్రయాణికులకై ప్రత్యేకమైన మందిరము తెరువబడినది గనుక, ఈ ప్రశ్నలు ఇక మనవారికిని దూరమైనవి కావు. మీ యింట ఎవరైన “మీరు వెళ్ళి రండి” అని కుర్చీలో కూర్చున్నవారుండిన, వారి మాటను వెంటనే నమ్మకుడు. తలుపు వెడల్పు ఎంతయో ఒకసారి కొలిచి చూడుడు.