లైటు వేసుకుని నిద్రపోతే ఏమవుతుంది?

కళ్లు మూసుకున్నాక గదిలో లైటు వెలిగితేనేం, ఆరితేనేం అనుకుంటున్నారా? మీరు నిద్రపోయినా, మీ ఒంటికి ఆ తేడా తెలుస్తుంది!

ఎలా తెలుస్తుంది?

కనురెప్పల గుండా కొంత వెలుతురు లోపలికి వెళ్తుంది. కంటి లోపలి పొర అయిన రెటీనాలో వెలుతురు ఎంత ఉందో పసిగట్టే ప్రత్యేక కణాలున్నాయి. నీలి కాంతికి ఇవి బాగా స్పందిస్తాయి. ఆ కబురును మెదడులోని 'గడియారానికి' చేరవేస్తాయి. చీకటి పడితే ఆ గడియారం మెలటోనిన్ అనే హార్మోనును విడుదల చేయిస్తుంది. 'రాత్రయింది' అని ఒళ్లంతా వేసే చాటింపు అది. కాలేయం, క్లోమం, కండరాల్లోని చిన్న గడియారాలు కూడా పెద్ద గడియారాన్ని అనుసరిస్తాయి.

వెలుతురుంటే?

2022లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 20 మంది ఆరోగ్యవంతులను పరీక్షించారు. వారిలో సగం మంది ఒక రాత్రి 100 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురులో, మిగతావారు మసక చీకట్లో పడుకున్నారు. వెలుతురులో ఉన్నవారి గుండె వేగం పెరిగింది. రక్తంలోని చక్కెరను కణాలకు చేర్చే ఇన్సులిన్ తెల్లారేసరికి వారిలో అంత చురుగ్గా పనిచేయలేదు.

మరేం చేయాలి?

పొద్దున కాసేపు ఆరుబయట ఆడుకోండి. రాత్రి ఫోను పక్కనపెట్టి, లైటు ఆర్పేయండి. లోపలి గడియారం సరిగ్గా నడుస్తుంది!