ఉత్పాత సూచన, ముందస్తు హెచ్చరిక: దక్షిణ తెలంగాణ నేపథ్యంలో ఒక పరిశీలన

ప్రకృతి తన సహజస్థితిని వీడుటయే ఉత్పాతమని సంహితాకారుల నిర్వచనం. అది దివ్యము, ఆంతరిక్షము, భౌమము అని త్రివిధం. వరాహమిహిరుడు బృహత్సంహితలో ప్రచండవాయువును ఉల్కా నిర్ఘాతాదులతో కలిపి ఆంతరిక్షంగా పరిగణించినాడు. స్థిరమైన భూమికి సంబంధించిన వికారాలు భౌమాలు. ఈ విభాగం నేటి విపత్తు హెచ్చరికల విషయంలోనూ ఉపకరిస్తున్నది. ఆంతరిక్షోత్పాతం వచ్చుటకు ముందు కంటికి కనిపిస్తుంది. భౌమోత్పాతం కనిపించదు. పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ప్రజలకు ఈ రెండింటి భేదం ప్రాణరక్షణకు సంబంధించిన విషయం.

సంహితా దృష్టి

క్రీ.శ. 6వ శతాబ్దికి చెందిన బృహత్సంహితలో భూకంప లక్షణాలకు ప్రత్యేకాధ్యాయం కలదు. భూమి ఎందుకు కంపిస్తుందన్న ప్రశ్నకు వరాహమిహిరుడు ముందుగా నాలుగు మతాలను పేర్కొన్నాడు. జలాంతర్గతమైన మహాసత్త్వాల చలనం వలన అని కొందరు, భూభారంతో అలసిన దిగ్గజాల విశ్రాంతి వలన అని కొందరు, వాయువును వాయువు తాకి భూమిపై పడుట వలన అని కొందరు, అదృష్టం వలన అని మరికొందరు చెప్పినారట. పిదప భూకంపాలను వాయవ్య, ఆగ్నేయ, ఐంద్ర, వారుణ మండలాలుగా విభజించి, అభిజిత్తుతో కూడిన ఇరువది ఎనిమిది నక్షత్రాలను మండలానికి ఏడేసి చొప్పున పంచినాడు.

భూకంపానికి ముందు ఏడు దినాలలో కనిపించు లక్షణాలు ఈ అధ్యాయంలో ప్రధానమైన భాగం. వాయవ్య కంపానికి ముందు దిక్కులు ధూమావృతమగునని, గాలి ధూళిని లేపి చెట్లను విరుచునని, సూర్యకాంతి మందగించునని చెప్పబడినది. ఐంద్రానికి పర్వతాకారపు మేఘాలు, ఉరుములు, మెరుపులు సూచకాలు. నిష్పాక్షికంగా పరిశీలించినచో ఇవి భూకంప లక్షణాలు కావు, గాలివాన లక్షణాలు. శాస్త్రకారుని పరిశీలన సూక్ష్మమైనదే. ఆ లక్షణాలకూ భూకంపానికీ కల్పించిన కార్యకారణ సంబంధమే నిలువదు.

అదే అధ్యాయంలో మరొక అంశం గమనార్హం. మొదటి కంపం తరువాత మూడవ, నాల్గవ, ఏడవ దినాలలోను, పక్షానికి, మాసానికి, మూడు పక్షాలకు భూమి మరల కంపించినచో దాని ఫలం రాజనాశమని చెప్పబడినది. ఫలశ్రుతిని తొలగించి చూచినచో, పెద్ద కంపాన్ని అనుసరించి కంపాలు వచ్చునన్న ఎరుక ఆనాటికే ఉన్నదని ఊహింపవచ్చును.

ఆంతరిక్షము: గాలి

తెలుగులో ‘సుడిగాలి’ అన్న పదం వేసవి మధ్యాహ్నం దుక్కి చేలలో లేచు దుమ్ముసుడికీ, మేఘం నుండి భూమికి దిగు మహావాత్యకూ సమానంగా చెల్లుచున్నది. రెండవది తెలంగాణలో అరుదు. ఇక్కడ తరచు ప్రాణహాని కలిగించునవి ఉరుములతో కూడిన ఈదురుగాలులు, పిడుగులు. వీటిని డాప్లర్ రాడార్ గుర్తింపగలదు. రాడార్ పంపిన తరంగం వానచినుకులను తాకి తిరిగివచ్చునప్పుడు దాని పౌనఃపున్యంలో కలుగు మార్పును బట్టి మేఘంలోని గాలి ఎటు, ఎంత వేగంతో కదలుచున్నదో తెలియును. అమెరికాలో మహావాత్యలకు ఈ విధంగా సగటున పది పదిహేను నిమిషాల వ్యవధి లభిస్తున్నది. హైదరాబాదు వాతావరణ కేంద్రం రాడార్ ఆధారంగా రాబోవు మూడు గంటలకు జిల్లాలవారీ హెచ్చరికలు వెలువరిస్తుంది.

2024 మే 26న నాగర్‌కర్నూల్ జిల్లా తాడూరు మండలం ఇంద్రకల్‌లో గాలివానకు నిర్మాణంలో ఉన్న కోళ్ల షెడ్డు గోడ కూలి నలుగురు మరణించినారు. ఇటువంటి ఘటనలలో గాలి నేరుగా ప్రాణం తీయదు. కూలిన గోడ తీస్తుంది. గాలి విషయంలో ఆ గోడను విడిచి దూరంగా పోవుటకు కొంత సమయం ఉండుటకు వీలున్నది.

భౌమము: భూకంపం

భూకంప విషయంలో జోస్యము, హెచ్చరిక వేర్వేరు. జోస్యం కంపం పుట్టకముందే స్థలం, కాలం, పరిమాణం చెప్పవలెను. చైనాలో 1975 ఫిబ్రవరి 4న హైచెంగ్ భూకంపానికి ముందు ప్రజలను ఇండ్లనుండి తరలింపగలిగినారు. కాని మరుసటి సంవత్సరమే జూలై 28న తాంగ్‌షాన్ భూకంపం ఏ హెచ్చరికా లేక రెండు లక్షలకు పైగా ప్రాణాలు తీసినది. నమ్మదగిన జోస్యపద్ధతి నేటికీ లేదు.

హెచ్చరిక భూకంపం పుట్టిన తరువాతిది. ప్రాథమిక తరంగం సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు, విధ్వంసకరమైన ద్వితీయ తరంగం సుమారు 3.5 కిలోమీటర్లు పయనిస్తాయి. కేంద్రం సమీపాన ఉన్న యంత్రం మొదటిదానిని పసిగట్టి విద్యుత్సంకేతం పంపినచో, దూరప్రాంతాలకు రెండవది చేరకముందే వార్త అందును. జపాన్ 2007 అక్టోబరు నుండి ఈ సేవను ప్రజలందరికీ అందిస్తున్నది. మన దేశంలో రూర్కీ ఐఐటీ రూపొందించిన వ్యవస్థ ఉత్తరాఖండ్‌లో 2021లో మొబైల్ ద్వారా ప్రజలకు అందుబాటులోకి వచ్చినది.

మెక్సికో నగరానికి ఇది విశేషంగా ఉపకరించుటకు కారణం, ప్రమాదకరమైన తీరం సుమారు 300 కిలోమీటర్ల దూరాన ఉండుట, నగరం పూర్వపు సరస్సు మెత్తని మట్టిపై నిలిచి దూరపు కంపానికి కూడా తీవ్రంగా ఊగుట. దక్షిణ తెలంగాణ పరిస్థితి దీనికి విరుద్ధం. ఇది అతిప్రాచీనమైన గ్రానైటు పీఠభూమి. ఇక్కడి భూకంపాలు మితమైనవి, అరుదైనవి. 2020 జనవరి 26న పులిచింతల జలాశయం సమీపాన, పూర్వపు నల్లగొండ జిల్లాలోనిదైన చింతలపాలెం ప్రాంతంలో 4.6 పరిమాణంతో భూమి కంపించినది. ఆ కంపపరంపరను హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ పరిశీలించినది. 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతంలో 5.3 పరిమాణపు భూకంపం రాష్ట్రమంతటా తెలిసినది.

కేంద్రానికి 20 కిలోమీటర్ల దూరాన గల గ్రామంలో రెండు తరంగాల మధ్య వ్యవధి రెండు మూడు సెకన్లు మాత్రమే. యంత్రం గుర్తించి వార్త పంపులోపలే అది గడచిపోవును. 150 కిలోమీటర్ల దూరాన సుమారు 18 సెకన్ల వ్యవధి లభించును గాని, మితమైన కంపం గట్టిరాతి నేలపై అంతదూరం పోవుసరికి బలహీనపడును. అనగా ఈ ప్రాంతంలో ప్రమాదమున్నచోట వ్యవధి లేదు, వ్యవధి ఉన్నచోట ప్రమాదం స్వల్పం.

గోడ ఇచ్చు హెచ్చరిక

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, గణేశ నిమజ్జనం ముగిసి జనం నిద్రించుచుండగా, లాతూరు జిల్లా కిల్లారి వద్ద 6.2 పరిమాణపు భూకంపం సంభవించి వేలాదిమంది మరణించినారు. నాటి భూకంప పటంలో అది అత్యల్ప ప్రమాద మండలం. వరాహమిహిరుని మండలాలు నక్షత్రాలను బట్టి ఏర్పడగా, నేటి మండలాలు శిలానిర్మాణాన్నీ పూర్వానుభవాన్నీ బట్టి ఏర్పడినవి. అయినను పటంలోని అల్పత్వం అభయం కాదని కిల్లారి నిరూపించినది. 2002 నాటి పటంలో దక్షిణ తెలంగాణలోని అధికభాగం కూడా అత్యల్పమైన రెండవ మండలంలోనే చూపబడినది.

కిల్లారిలో మృత్యువుకు ప్రధానకారణం మట్టితో పేర్చిన మందమైన రాతిగోడలు, వాటిపై బరువైన మట్టికప్పు. అట్టి గోడకు లోపలి వరుస, బయటి వరుస వేర్వేరు. కంపించినంతనే అవి విడిపోయి కప్పు దిగబడును. పాలమూరు, నల్లగొండ పల్లెలలోని పాత రాతి ఇండ్లకు, మట్టి మిద్దెలకు ఈ పోలిక వర్తిస్తుంది. నివారణ కష్టసాధ్యం కాదు. గోడ మందమంతటా వ్యాపించు పొడవైన రాళ్లను తగినన్ని చోట్ల వేయవలెను. ద్వారబంధాల పైమట్టమున నాలుగు గోడలనూ చుట్టివచ్చు పట్టీ కట్టవలెను. పైకప్పు బరువు తగ్గించవలెను. 1993లోనే భారతీయ ప్రమాణాల సంస్థ ఇటువంటి కట్టడాలకు ప్రత్యేక సూచనలు వెలువరించినది.

కావున ఆంతరిక్షోత్పాతానికి ఆకాశాన్ని గమనించు యంత్రం, దాని మాటను సకాలంలో పల్లెకు చేర్చు ఏర్పాటు ప్రధానం. భౌమోత్పాతానికి ముందుగా గమనింపవలసినది ఆకాశం కాదు, యంత్రం కూడా కాదు, నివసించు గోడ. దాని పగులు, పొట్ట ఉబ్బు, వరుసల వేర్పాటు ఏడు దినాల ముందు కాదు, ఏండ్ల తరబడి కనిపించుచునే ఉండును. దక్షిణ తెలంగాణలో భూకంపానికి సకాలంలో అందగల నిజమైన పూర్వసూచన అదియే.