రక్తపు చుక్కలో రాత

సైన్సు సినిమాలంటే రాకెట్లు, పేలుళ్లు, వింత జంతువులు... అంతేగా అనుకునేదాన్ని. ఓ ఆదివారం మధ్యాహ్నం మా అబ్బాయి 'గట్టాకా' డిస్కు పెట్టి, "అమ్మా, నువ్వూ కూర్చో" అన్నాడు. చిక్కుడుకాయల పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సినిమా అయ్యేసరికి కాయలు సగం అలాగే ఉన్నాయి!

మావాడికి చిన్నప్పట్నుంచీ ఉబ్బసం. నన్నెందుకు కూర్చోమన్నాడో సినిమా చూశాక గానీ అర్థం కాలేదు.

1997లో ఆండ్రూ నికోల్ తీసిన సినిమా ఇది. రాబోయే కాలం కథ. బిడ్డ పుట్టగానే మడమ నుంచి రక్తపు చుక్క తీసి జాతకం చెప్పేస్తారు. విన్సెంట్‌కి గుండెజబ్బు వచ్చే అవకాశం 99 శాతమట, ఆయుష్షు 30.2 ఏళ్లేనట! కొడుక్కి తన పేరు పెట్టుకోవాలనుకున్న తండ్రి అది విని ఆగిపోతాడు. ఆ పేరు రెండోవాడి కోసం దాచిపెడతాడు. ఆ ఒక్క క్షణం చాలు, కడుపులో దేవినట్టవుతుంది.

రెండోవాణ్ని మాత్రం డాక్టరు దగ్గర ఎంచుకుని కంటారు. కళ్ల రంగు, జుట్టు రంగు, తెల్లటి ఒళ్లు... అన్నీ ముందే చెప్పి ఉంచారు. ఆడపిల్లా, మగపిల్లాడా అని అడిగితే, పెద్దవాడికి ఆడుకోవడానికి తమ్ముడు కావాలంటారు. నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. బిడ్డ తెల్లగా పుట్టాలని కుంకుమపువ్వు పాలు తాగినవాళ్లం కాదూ మనం? కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పకూడదని 1994లో చట్టం చేయాల్సి వచ్చింది మన దేశంలోనే. గర్భం రాకముందే ఎంచుకోవడాన్ని కూడా నిషేధిస్తూ 2003లో దాన్ని సవరించారు.

వెంట్రుకంత భయం

విన్సెంట్‌కి అంతరిక్షంలోకి వెళ్లాలని కోరిక. అతనికి దొరికింది ఊడ్చే పని. అందుకని కాళ్లు చచ్చుబడిన జెరోమ్ అనే ఈతగాడి పేరు, రక్తం అరువు తెచ్చుకుంటాడు. రోజూ పొద్దున్నే ఒళ్లంతా రుద్దుకుని, రాలిన పొట్టూ వెంట్రుకలూ కాల్చేస్తాడు. వేలి కొసన అతికించుకున్న తొడుగులో జెరోమ్ రక్తం. ప్రయాణం దగ్గరపడిందనగా ఆఫీసులో హత్య. అక్కడ పోలీసులకు దొరికింది విన్సెంట్ కనురెప్ప వెంట్రుక! ఆ తర్వాత కథ నేను చెప్పను, చూడండి.

చూడ్డానికీ ఎంతో అందం. శాన్‌ఫ్రాన్సిస్కోకి దగ్గర్లో ఫ్రాంక్ లాయిడ్ రైట్ గీసిన మెరిన్ కౌంటీ భవనంలో ఆఫీసు సీన్లు తీశారు. రోడ్ల మీద 1960ల నాటి కార్లే నడుస్తాయి, శబ్దం మాత్రం కరెంటు బండిది. తెర మీద పసుపు, ఆకుపచ్చ వెలుగు. జెరోమ్ ఇంట్లో మెట్లు డీఎన్‌ఏ బొమ్మలాగే మెలితిరిగి ఉంటాయి. నడవలేని మనిషి ఆ మెట్లెక్కే సీను ఉంది చూశారూ, ఊపిరి బిగబట్టాల్సిందే.

సుమారు 3.6 కోట్ల డాలర్లతో తీస్తే అమెరికా థియేటర్లలో 1.25 కోట్లే వచ్చాయి. ఆ తర్వాత ఇళ్లలో క్యాసెట్లు, డిస్కులు పెట్టుకుని చూసినవాళ్లే దీన్ని బతికించారు.

పరీక్ష తప్పు కాదు

జన్యువుల్ని మార్చిన ఆడ కవల పిల్లలు పుట్టారని 2018లో చైనా శాస్త్రవేత్త ఒకాయన ప్రకటించాడు. ఆ మరుసటి ఏడాది ఆయనకు జైలుశిక్ష పడింది. అంటే ఇది ఉత్త కథ కాదన్నమాట. అలాగని పరీక్షలన్నీ చెడ్డవని కాదు. పసిబిడ్డ మడమ నుంచి తీసిన చుక్కతో థైరాయిడ్ లోపం ముందే తెలిస్తే మందులతో బుద్ధిమాంద్యం రాకుండా ఆపొచ్చు. పరీక్ష వైద్యం కోసమైతే మంచిదే. బిడ్డ ఇంతే అని తేల్చేయడానికైతేనే ప్రమాదం.

ఆ తేల్చేయడానికి మెషీన్లు కూడా అక్కర్లేదు, మన నోరు చాలు. సినిమాలో అన్నదమ్ములు సముద్రంలో ఈత పందెం వేసుకుంటారు. ఆ సీను రాగానే మావాడు నా వైపు చూశాడు. "నీకు ఆయాసం, ఈత నీ వల్ల కాదు" అని మూడేళ్లుగా ఆపింది నేనే మరి. నాకు ఏ డాక్టరూ ఆ మాట చెప్పలేదు.

మర్నాడు డాక్టర్ని అడిగాం. మందు మానకుండా, ఇన్‌హేలర్ దగ్గరుంచుకుని, మెల్లగా మొదలుపెట్టమన్నారు. ఇప్పుడు వాడు ఈత కొడుతుంటే నేను గట్టు మీద సంచీ పట్టుకుని కూర్చుంటున్నాను. భయం పోలేదు. కానీ నా భయం నా దగ్గరే ఉంచుకుంటున్నాను.