చెరువుగట్టున మా బూరె

పోయినసారి ఆవకాయ గురించి మాట్లాడిన మనిషి ఈసారి కుక్క గురించి మొదలెట్టిందేమిటా అని నవ్వుకోకండి. కుక్కని తెచ్చేది పిల్లలూ, ముద్దుచేసేది మగవాళ్ళూ అయినా, పొద్దున్నే లేచి దాన్ని తిప్పుకొచ్చేదీ, దానికి ముద్ద కలిపేదీ మనమే కదండీ!

నాలుగేళ్ళ కిందట మా అబ్బాయి లాబ్రడార్ పిల్లని సంచీలో పెట్టుకుని వచ్చాడు. బ్రూనో అని పేరు పెట్టాడు. మా అత్తగారికి ఆ పేరు నోరు తిరగలేదు. "బూరె" అన్నారు. అదే ఖాయమయింది. ఏడాది తిరక్కుండా అబ్బాయికి బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. వాడు వెళ్ళాడు, బూరె మిగిలింది.

మేముండేది సికింద్రాబాదుకి అవతల, సఫిల్‌గూడ చెరువు దగ్గర. నడిమి చెరువు అని దాని పాత పేరు. పై చెరువు నిండితే దీన్లోకీ, ఇది నిండితే కింద బండ చెరువులోకీ నీళ్ళు వెళ్ళేటట్టు పూర్వం కట్టుకున్న గొలుసుకట్టులో మధ్యది అన్నమాట. పొద్దున్నే నీటికోళ్ళూ, కొంగలూ కనబడతాయి. పార్కులో పిల్లలు ఆడుకుంటూ వుంటారు కనక బూరెని అందులోకి తీసుకువెళ్ళను, బయట రోడ్డు వెంబడే తిప్పుతాను.

ఎండాకాలంలో ఆరు గంటలకల్లా ఇంటికి వచ్చేస్తాం. కుక్కకి మనలాగ ఒళ్ళంతా చెమట పట్టదు. అరికాళ్ళకి ఏ కాస్తో పడుతుంది. నాలుక బయటపెట్టి రొప్పడమే దాని విసనకర్ర. అందుకే సాయంత్రం తీసుకువెళ్ళే ముందు నా మండచేతిని తారురోడ్డు మీద ఆనించి ఏడు అంకెలు లెక్కపెడతాను. నాకు చురుక్కుమంటే దాని అరికాళ్ళకీ చురుక్కుమన్నట్టే. మంచులో బళ్ళు లాగడానికి పుట్టిన హస్కీ జాతి కుక్కల్ని బొచ్చు బావుందని మన వూళ్ళో కొనుక్కుంటున్నారు. వాటిని చూస్తే, మే నెలలో ఉన్ని కోటు తొడిగిన పసిబిడ్డని చూసినట్టుంటుంది నాకు.

చెరువు పక్కన వున్నామని కుక్కని నీళ్ళలోకి దింపకండి. నీళ్ళ మీద ఆకుపచ్చగా, రంగు ఒలికినట్టుగా తేలే నాచులో కొన్ని రకాలు విషం. ఆ నీళ్ళు తాగితే గంటల్లో కుక్క ప్రాణం మీదికి వస్తుంది. ఇంకొకటి ఎలుక మూత్రం కలిసిన నీళ్ళ వల్ల వచ్చే లెప్టోస్పైరా జ్వరం. అది కుక్కనుంచి మనకీ అంటుకుంటుంది. 2020 అక్టోబరు వానలకి నగరంలో చెరువులు పొంగినప్పటి సంగతి మీకు గుర్తుండే వుంటుంది. అటువంటి రోజుల్లో నిలవనీళ్ళు తొక్కి వస్తే కాళ్ళు కడిగి తుడవాలి, దానికీ మనకీ కూడా. ఆ జ్వరానికి టీకా వుంది. ఏటా వేయిస్తున్నారో లేదో కార్డు తీసి చూసుకోండి.

ఇక నేను మొట్టికాయ తిన్న సంగతి చెప్పాలి. రెండేళ్ళ కిందట వినాయకచవితికి అబ్బాయి వచ్చి వెళ్ళాడు. మర్నాటినుంచి బూరె అన్నం ముట్టలేదు. వాడి మీద దిగులు పెట్టుకుందిలే అనుకుని, ఎవరొచ్చినా ఆ మాటే ముచ్చటగా చెప్పుకున్నాను. మూడోరోజు పొద్దున హాల్లో గచ్చు మీద ఎర్రటి చుక్కలు. కుంకుమ ఒలికిందేమో అనుకున్నాను. కాదు, దాని ముక్కులోంచి రక్తం.

పశువుల డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి, టిక్ ఫీవర్ అన్నారు. పిడుదులు, మా వైపు గోమార్లంటాం, అవి కుట్టినప్పుడు రక్తంలో సూక్ష్మజీవుల్ని వదులుతాయి. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు దాంతో పడిపోతాయి. "ఇంకో రెండురోజులు ఆగి వస్తే నేనేమీ చేయలేకపోదునమ్మా" అన్నారాయన. నేను దిగులనుకున్నది జ్వరం! డాక్సీసైక్లిన్ మాత్రలు ఇరవై ఎనిమిది రోజులు వేశాం. వారానికే గంతులు వేసింది కానీ, బావుందని మధ్యలో ఆపకూడదన్నారు, ఆపలేదు.

ఈ మందు సంగతి అబ్బాయి చెప్పాడు. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబంలోది. ఆ కుటుంబంలో మొట్టమొదటిది, ఆరియోమైసిన్, 1948లో అమెరికాలోని లెడర్లీ సంస్థనుంచి వచ్చింది. కనిపెట్టింది డగ్గర్ అనే పెద్దాయనే కానీ, అక్కడ పరిశోధనలన్నిటికీ పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. బోదకాలుకి వాడే హెట్రజాన్ కూడా అక్కడినుంచి వచ్చిందే. కుక్కలకి గుండెలో పురుగు పట్టకుండా దాన్నీ చాలాకాలం ఇచ్చేవారట. పదో తరగతితో ఆగిన నాకు ఇదంతా బూరె ధర్మమా అని తెలిసింది.

పిడుదుల్ని ఎక్కడ వెతకాలంటే: చెవుల లోపల, వేళ్ళ సందుల్లో, చంకల్లో, మెడపట్టీ కింద. చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగాలి. గోటితో నలపకూడదు, కిరసనాయిలు పోయకూడదు. ఆడపిడుదు వేలకొద్దీ గుడ్లు పెడుతుంది, అదీ కుక్క ఒంటిమీద కాదు, గోడల పగుళ్ళలో, గుమ్మాల సందుల్లో. కుక్కకి ఎంత స్నానం చేయించినా, ఆ పగుళ్ళు పూడ్చకపోతే మళ్ళీ మొదటికే వస్తుంది. బరువునిబట్టి నెలనెలా వాడే మందుంది, అది డాక్టరునే అడగండి.

ఇరుగుపొరుగు మాట. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ళ పిల్లవాణ్ణి చంపేశాయి. ఆ తరవాత మా ఎదురింటి కోడలు బూరెని చూస్తే బిడ్డని ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయేది. "ఏమీ అనదండీ మాది" అనేదాన్ని మొదట్లో. ఆ మాట ఎంత చేదుగా వుంటుందో, ఒకరోజు ఆ అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు చూశాక తెలిసింది. ఇప్పుడు ఆమె కనబడితే గొలుసు చేతికి చుట్టుకుని పక్కకి జరిగి నిలబడతాను. కుక్కకి మూడోనెలలో రేబిస్ టీకా, ఆపైన డాక్టరు చెప్పినట్టు ఏటేటా వేయించడం, నగరపాలక సంస్థలో లైసెన్సు తీసుకోవడం మన బాధ్యత. కుక్క కరిస్తే, గీరినా సరే, పదిహేను నిమిషాలు ధారగా పడే నీళ్ళకింద సబ్బుతో కడగాలి. కారం, సున్నం వంటివి పెట్టకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. బొడ్డుచుట్టూ పద్నాలుగు సూదుల కాలం ఏనాడో పోయింది, ఇప్పుడు చేతికే వేస్తారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మాత్రం మనిషిని బతికించే మందు లేదు.

వీధికుక్కల్లో చెవి కొస కత్తిరించి వున్నదానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషనూ, టీకా అయినట్టు గుర్తు. అవి మొరుగుతూ వస్తే పరుగెత్తకండి, నిలబడి మెల్లిగా వెనక్కి జరగండి.

గట్టు మీద బూరె చేసిన పని నేను చాలారోజులు చూడనట్టే వచ్చేసేదాన్ని. ఒకరోజు రోడ్డు వూడ్చే ఆవిడ చీపురు ఆపి, "మీ కుక్క మీకు ముద్దే గానీ, ఎత్తెటోళ్ళం మేమే గదమ్మా" అంది. కోపంగా కూడా అనలేదు. ఆరోజునుంచీ కొంగున పాత పేపరూ, సంచీ లేకుండా గడప దాటలేదు.

వంటింటి సంగతి రెండుమాటల్లో చెబుతాను. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాల్ని చెడగొడతాయి. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాల్ని పాడుచేస్తాయి. చాక్లెట్టూ విషమే. కాబట్టి సాంబారన్నం, పాయసం వద్దు. ఈ విషయంలో మా ఇంట్లో నేను పోట్లాడినది అత్తగారితోనే. "ఇంత ముద్ద పెడితే చస్తుందా?" అనేవారు. ముక్కునుంచి రక్తం చూశాక ఆవిడ మరి పాయసం ఊసెత్తలేదు.

ఇప్పుడు సాయంత్రం మేం తిరిగి రాగానే, ఆవిడే కళ్ళజోడు పెట్టుకుని అరుగు మీద కూర్చుని బూరె చెవులు తిరగేస్తారు. మొన్న ఒక పిడుదు దొరికితే సీసాలో వేసి బిరడా పెట్టి, నేను కూరగాయలు తెచ్చేదాకా అలాగే పట్టుకు కూర్చున్నారు, నాకు చూపించాలని.