పడకసంచికి లోగలీబు

వేసవి సెలవులు వచ్చుసరికి మన పట్టణములనుండి బాలురును బాలికలును గుంపులుగూడి హిమాలయములకు నడకయాత్ర చేయుట యిప్పుడు సామాన్యమైనది. తొల్లి బదరీకేదారములకు బోవు పెద్దలు మాత్రమే చూచిన మంచుకొండలను నేడు కళాశాలలో చదువుకొను పిల్లలు పది దినములలో చూచి వచ్చుచున్నారు. నిజామాబాదు మండలమునకు జెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25వ తేదీని, పదునాలుగేండ్లు నిండకమునుపే, ఎవరెస్టు శిఖరము నెక్కినది మొదలు "ఆడపిల్లకు కొండలేల" యను మాట మన యిండ్లలో కొంత సన్నగిల్లినది. సన్నగిల్లినదే కాని పూర్తిగా పోలేదు.

పంపుటయా మానుటయా యను సందిగ్ధము వచ్చినపుడు తోడెవరు, తిండి యేమి యని అందఱును అడుగుదురు. పిల్ల రాత్రులందు దేనిలో పరుండును, అది శుభ్రమైనదా, అందు చలి యాగునా యని యడుగువారు మాత్రము తక్కువ. చలిచే రాత్రియంతయు కన్నుమూయని పిల్ల మఱునాడు మంచులో ఆఱుగంట లెట్లు నడువగలదు? కావున సోదరీమణులారా, యీ పడకనుగూర్చియు, ముఖ్యముగా దానిలోపల తొడుగు బట్టనుగూర్చియు మేము విచారించి తెలిసికొన్న సంగతులను వ్రాయుచున్నాము.

గుడారములలో పరుపులును మంచములును ఉండవు. స్లీపింగు బ్యాగనునట్టి పడకసంచి యొకటి యిత్తురు. దూదికి మాఱుగా బాతుల మెత్తని నూగుగాని, కృత్రిమపు నారదూదిగాని కూరిన బొంతను సంచివలె కుట్టి, ప్రక్కను జిప్పు పెట్టిన వస్తువది. పిల్ల దానిలో దూఱి మెడవఱకు జిప్పు లాగికొని పరుండును. మంచి సంచి వెల యెక్కువ గావున చాలమంది యద్దెకు తీసికొందురు. యాత్ర నడపువారే యిచ్చుటయు కలదు. ఇచ్చటనే చిక్కు. ఆ సంచిలో నిన్న నెవరు పరుండిరో, మొన్న నెవరు పరుండిరో తెలియదు. నూగు కూరిన సంచిని తడవతడవకు ఉతుకరాదు. ఉతికినచో నూగు ఉండలు గట్టును, లోపలి తడి యాఱుటకు చాల కాలము పట్టును. అందుచే అద్దెసంచులు ఋతువునకొక్కసారి యైన నీళ్లు చూచునో లేదో. మా పెద్దమ్మాయి రెండేండ్ల క్రిందట కులూ ప్రాంతమునకు పోయినపుడు దొరికిన సంచి తలనూనె కంపును, కిరసనాయిలు కంపును కొట్టుచుండెనట. పిల్ల తన ఓణీని ముఖమునకు అడ్డము పెట్టుకొని పరుండినదట.

ఇందులకు ఉపాయము లోగలీబు. దీనిని అంగడివారు లైనరందురు. మనము బొంతకు గలీబు తొడుగుదుము గదా, అట్టిదే యిదియు. కాని మన గలీబు బొంతకు వెలుపల నుండును, ఇది సంచికి లోపల నుండును. ఒంటికి తగులునది మన బట్టయే; బయటకు తీసి యుతికికొనవచ్చును. సొంతసంచి యున్నవారికిని ఇది యక్కఱయే. ఒంటి చెమటయు జిడ్డును పట్టినకొలది నూగు అణగిపోయి వెచ్చదనము తగ్గును. లోగలీబు ఉతికినకొలది సంచిని ఉతుకు పని తగ్గును, దాని యాయువు పెరుగును.

ఇది నిన్న మొన్న పుట్టిన యాలోచన కాదు. జర్మనీ దేశమున రిచర్డు షిర్‌మన్ అను బడిపంతులు 1909లో తన శిష్యులతో నడకయాత్ర చేయుచు ఉఱుములవానలో చిక్కి ఒక పల్లెబడిలో తలదాచుకొనెను. బాటసారులైన పిల్లలకు ఊరూర నట్టి విడుదులుండవలెనని ఆ రాత్రియే ఆయనకు తోచినదట. యువజన వసతిగృహములకు అదియే మొదలు. (బడిపంతులి భార్యలమగుటచే ఈ కథ మాకు మిక్కిలి ప్రీతికరము.) ఆ గృహములలో అందఱకును పొత్తు కంబళ్లే గావున, దుప్పటిని సంచివలె కుట్టి తెచ్చుకొనుట పిల్లలకు నియమముగా నుండెడిది. ఆల్ప్సు పర్వతములమీది విడిదియిండ్లలో నేటికిని కంబళి వారిత్తురు, లోగలీబు మనము తీసికొనిపోవలెను.

ఇక చలి సంగతి. అంగళ్లలో నొక్కొక్క లోగలీబుమీద "ఎనిమిది డిగ్రీల వెచ్చదనము", "పదునాలుగు డిగ్రీల వెచ్చదనము" అని వ్రాసి యుండును. చవుకసంచి యొకటి కొని, దానికిట్టి లోగలీబు చేర్చినచో మంచుకు చాలునని మగవారు లెక్కవేయుదురు. మా యింటను అట్టి లెక్కయే వేయబడినది. మేము ఒప్పుకొనలేదు. పడకసంచులకు ఐ.ఎస్.ఓ. 23537 అనునొక పరీక్ష కలదు; వేడిచేసిన బొమ్మమనిషిని సంచిలో పరుండబెట్టి కొలుతురు. లోగలీబుమీది యంకెలు ఈ పరీక్షలోనివి కావు, చేసినవారు తమ లెక్కప్రకారము వ్రాసికొన్నవి. సన్నని పట్టు లోగలీబు వలన రెండుమూడు డిగ్రీలకంటె నెక్కువ ఆశింపరాదని మా నిర్ణయము.

ఆ పరీక్షలో మన పిల్లలకు సంబంధించిన ముచ్చట యింకొకటి యున్నది. సంచిమీద సాధారణముగా మూడు ఉష్ణోగ్రత లుండును. మొదటిది 'కంఫర్టు', అనగా సుఖముగా నిద్రించునది. దానిని స్త్రీ శరీరమును ప్రమాణముగా గొని కట్టుదురు. రెండవది 'లిమిట్', అనగా కడపటి హద్దు. అది పురుషుని ప్రమాణముగా గొని కట్టినది, ముడుచుకొని పరుండి యెట్లో తెల్లవాఱ్చుటకు చాలునది. మూడవదానిని లెక్కలోనికే తీసికొనరాదు, అది ప్రాణములు నిలుపుకొనుట కేర్పడినది. ఈ మొదటి రెంటికి నడుమ అయిదాఱు డిగ్రీల తేడా యుండును. సంచికి పెట్టిన పేరులోని పెద్దయంకె తఱచుగా రెండవదియే. సున్న డిగ్రీలని పెద్దయక్షరములతో నుండినను, ఆడపిల్లకు అది అయిదు డిగ్రీల సంచియే కావచ్చును. ఈ లోటును లోగలీబు పూడ్చునని నమ్మి పిల్లను 13,000 అడుగుల యెత్తునకు పంపుట సాహసము. అక్కడి రాత్రి యెంత చలియో ముందుగా కనుగొని, మొదటి యంకె దానికి సరిపోవు సంచినే యడిగి తీసికొనవలెను. అద్దెసంచి పాతదైనచో అణగియుండును గావున ఆ యంకెను గూడ పూర్తిగా నమ్మరాదు. వీపు క్రింద మంచి చాపయు నుండవలెను. ఒంటిబరువునకు అణగిన నూగు నేలచలిని ఆపలేదు.

అయినచో ఏ బట్ట? నూలుబట్ట మనకు చిరపరిచితము. ఒంటికి హాయి, వెల తక్కువ, వేడినీళ్ల నుడికించి యుతుకవచ్చును. అరకులోనో, హార్స్‌లీ కొండమీదనో రెండురాత్రులు గుడారములో గడపుటకు, సామాను బండిలో పోవునపుడు, నూలును మించినది లేదు. కాని మూపున మోసికొని పోవునపుడు దాని మూడు నాలుగు వందల గ్రాముల బరువు తెలియును. తడి పీల్చినచో మేఘములు కమ్మిన కొండమీద రెండు దినములైనను ఆఱదు. తడిసిన నూలు చలిని ఒంటికి తెచ్చును. పాలియెస్టరు లోగలీబు వేగముగా ఆఱును, చవుక. అయితే చెమటకంపును పట్టి విడువదు. ఫ్లీసనునట్టి బొచ్చుబట్ట వెచ్చనిదే, సందేహము లేదు. అఱకిలోకు మించి బరువు తూగి, మూటలో సగము చోటాక్రమించును. ఆ బరువునకు మేలైన సంచినే యడుగుట యుక్తము. మెరినో యను సన్నని గొఱ్ఱెయున్ని తడిసినను వెచ్చగా నుండును, కంపు పట్టదు. వెల మాత్రము సామాన్య గృహస్థులకు అందునది కాదు.

పట్టు లోగలీబు నూట యిరువది మొదలు నూట యేబది గ్రాములు తూగును, పిడికిట పట్టును. చెమటను పీల్చియు త్వరగా ఆఱును. నునుపుగా నుండుటచే, స్వెట్టరు తొడిగికొని దొర్లినను చిక్కుపడదు. మోసికొని నడచు పిల్లకు మేము పట్టునే యెన్నుకొందుము. దాని లోపములు లేకపోలేదు: కుట్లదగ్గఱ చీలును, తడిలో బలము తగ్గును, వెలయు హెచ్చు. పట్టుపురుగుల చావు గిట్టనివారు, చిలుక కాయను వీడిపోయిన పిమ్మట తీసిన అహింసాపట్టును వెదకికొనవచ్చును. మా అత్తగారు మాత్రము "పట్టైనచో కొండమీద మడికిని పనికివచ్చును" అని మా యెన్నికను వెంటనే ఆమోదించిరి.

గజ్జి మొదలగు చర్మరోగముల భయముచే లోగలీబు కొనువారు కలరు. పరుల పడక చర్మమునకు నేరుగా తగులకుండుట మేలే. కాని యిది కవచము కాదు. నల్లులు పలుచని బట్టను లెక్కచేయవు. పురుగులమందు పట్టించిన లోగలీబులును కొన్నికలవు. అవి తీసికొన్నచో ఉతుకు విధమును దానిమీద వ్రాసిన ప్రకారమే పాటింపవలెను.

కొనవలెననియే లేదు. మన పెట్టెలలో కట్టని పట్టుచీరలు లేని యిల్లేది? సరిగంచులేని, బుటాలేని, మెత్తని సన్నపట్టు చీర యొకటి చాలును. మొదట మడతలదగ్గఱ రెండుచేతుల పట్టి కొంచెము లాగి చూడవలెను. పాతపట్టు మడతలలో చీలుచుండినచో ఎంత సొగసైనను పనికిరాదు. రంగు దిగునేమో యొకసారి ఉతికి చూచికొనవలెను. చీర అయిదున్నర మీటర్లలో నాలుగు మీటర్ల నలువది సెంటీమీటర్లు కత్తిరించి, అడ్డముగా సగమునకు మడచినచో రెండుమీటర్ల యిరువది పొడవగును. మడత కాళ్లవైపు నుండును. నిలువున మడవరాదు, అట్లయిన ఇరుకై పిల్ల కదలలేదు. చీర పన్నా మీటరునకు పైన నుండును గావున, భుజములయొద్ద తొంబది సెంటీమీటర్లు నిలిపి, కాళ్లవైపు పోనుపోను సన్నముగా అఱువది వఱకు తగ్గించి యిరుప్రక్కల కుట్టవలెను. పట్టుపోగులు జాఱును గావున అంచులను లోపలికి మడచి రెండుమార్లు కుట్టుట యవసరము. ఒకప్రక్క పైనుండి నలువది సెంటీమీటర్లు కుట్టక విడిచిపెట్టవలెను. దూఱుటకు దారి యదియే. ఆ చీలిక సంచి జిప్పున్న వైపుననే యుండవలెను. ఎదురువైపు నుండినచో అర్ధరాత్రి బయటకు రావలసిన పిల్ల చిక్కుకొని యవస్థపడును. చీలిక ముగియుచోట చిన్నగుడ్డముక్క వేసి గట్టిగా కుట్టనిచో మొదటి రాత్రియే చినుగును. మిగిలిన మీటరు ముక్కతో దిండు గలీబు కుట్టి యిచ్చినచో, స్వెట్టరును దానిలో కుక్కి తలక్రింద పెట్టుకొనవచ్చును.

మరీ వెడల్పు పెట్టినచో నిద్రలో కాళ్లకు చుట్టుకొనును. బొద్దుపిల్లకు నాలుగువ్రేళ్లు పెంచవచ్చును గాని అంతకంటె వలదు.

ప్రతియుదయమును లోగలీబును తిరుగవేసి గుడారపు త్రాటిపై అఱగంట ఆఱవేయుమని పిల్లకు మఱిమఱి చెప్పవలెను. రాత్రియంతయు ఊపిరియు చెమటయు పట్టి చెమ్మగిల్లియుండును. అట్లే మూటగట్టినచో రెండవరాత్రి చల్లగా తగులును. తడిసిన మేజోళ్లతో దానిలో దూఱరాదు. ఇంటికి వచ్చిన పిమ్మట కుంకుడుకాయ రసముతో చన్నీట మెల్లగా జాడించి, పిండక, నీడను ఆఱవేయవలెను. బ్రష్షును బండయు దానికి శత్రువులు. పెట్టెలో పెట్టునపుడు ఎండిన వేపాకు నాలుగు రెబ్బలు వేసినచో చాలును.

మూటగట్టు చిన్నసంచిమీదను, లోగలీబు మూలయందును పిల్ల పేరు రంగుదారముతో కుట్టుట మఱువరాదు. ఒకే గుడారమున నుండు ఆఱుగురి లోగలీబులును చీకటిలో ఒకేతీరున నుండును.