కంప్యూటర్‌కు జ్వరం వస్తే

ఇక్కడ ఆదివారం ఉదయం, తెనాలిలో సాయంత్రం. వారానికొకసారి తాతగారితో, అమ్మమ్మగారితో మాట్లాడేందుకు ఇంటిల్లిపాదీ కంప్యూటర్ ముందు చేరుతారు. మొదటి పది నిమిషాలు బొమ్మ నిక్షేపంగా కనిపిస్తుంది. ఆ తరువాత తాతగారి పెదవులు ఒక దారిన, మాట మరొక దారిన పోతాయి. చివరకు బొమ్మ బిగుసుకుపోతుంది. ఇంటర్‌నెట్ బాగాలేదని నిశ్చయించి రౌటర్ మారుస్తారు. ఫలితం ఉండదు. ఇక కంప్యూటరే ముసలిదైపోయిందని, పారవేయాలని ఆలోచన మొదలవుతుంది.

ఈ కథలో అసలు ఆధారం ‘పది నిమిషాల తరువాత’ అన్న మాటలో ఉంది. నెట్‌వర్క్ లోపం సాధారణంగా అంత క్రమం తప్పకుండా ఓపిక పట్టదు. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ పనిచేస్తున్నప్పుడే బొమ్మ చెదిరితే అది వేరే సంగతి. ఓవెన్ తరంగాలూ, వైఫై వాడే ఒక శ్రేణి తరంగాలూ 2.4 గిగాహెర్ట్జ్ దరిదాపుల్లోనివే కనుక 5 గిగాహెర్ట్జ్ శ్రేణికి మారితే ఆ బాధ తీరుతుంది. అదే గదిలో, అదే వైఫై మీద ఫోన్‌తో మాట్లాడి చూడాలి. ఫోన్‌లో బొమ్మ చక్కగా ఉంటే రౌటర్ నిర్దోషి. అప్పుడు ఉష్ణోగ్రతను చూపే ఉచిత ప్రోగ్రామును కంప్యూటర్‌లో నడిపి చూడాలి. అంకె 100 డిగ్రీల సెల్సియస్‌కు చేరువైతే రోగం తెలిసినట్లే. చాలా ప్రాసెసర్లు ఆ దరిదాపుల్లో తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. అదీ చాలకపోతే యంత్రం ఆగిపోతుంది.

ప్రాసెసర్ మీద వేడిని గ్రహించే లోహపు దిమ్మ, దానిపై ఫ్యాన్ ఉంటాయి. ప్రాసెసర్, దిమ్మ కలిసే ముఖాలు కంటికి నునుపుగా తోచినా, సూక్ష్మంగా చూస్తే మిట్టపల్లాలే. మిట్టలు మాత్రమే తాకుతాయి, పల్లాలలో గాలి నిలుస్తుంది. రాగి ఉష్ణవాహకత సుమారు 400 ప్రమాణాలైతే గాలిది 0.026 మాత్రమే, అంటే దాదాపు పదిహేనువేల రెట్లు తక్కువ. ఆ గాలిని వెళ్ళగొట్టడానికే థర్మల్ పేస్ట్ పూస్తారు. సిలికోన్ నూనెలో జింక్ ఆక్సైడ్ వంటి పొడి కలిపిన ముద్ద అది. లోహంతో పోలిస్తే అదీ మందకొడి వాహకమే. కనుక దోసెకు నెయ్యి పట్టించినట్లు దండిగా పూయడం మేలు కాదు, కీడు. బఠాణీగింజంత చాలు. ఏళ్ళ తరబడి వేడెక్కి చల్లారుతూ ఉంటే ఆవకాయ జాడీలో వలె నూనె వేరుపడి పక్కలకు జారుతుంది. మిగిలిన పొడి బీటలువారి, మళ్ళీ గాలి చొరబడుతుంది.

పనికి పూనుకొనే ముందు పిల్లల ఫోటోలు, పత్రాలు మరొక డిస్క్‌లోకి ఎక్కించుకోవాలి. మొదట దుమ్ము దులపాలి. ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకొని గాలి ఊదాలి. తరువాత ఉష్ణోగ్రత మళ్ళీ కొలవాలి. తరచు ఇంతటితోనే జ్వరం దిగుతుంది. దిగకపోతేనే పేస్ట్ జోలికి పోవాలి. రెండూ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

పేస్ట్ మెత్తబడేందుకు యంత్రాన్ని కొద్దిసేపు నడిపి, ఆపి, ప్లగ్ తీసివేయాలి. శీతాకాలంలో వేడి చేసిన గదుల పొడిగాలిలో, కార్పెట్ మీద నడిచిన మనిషి ఒంట్లో స్థిరవిద్యుత్తు చేరుతుంది కనుక ముందుగా పెట్టె లోహాన్ని తాకాలి. దిమ్మను మెల్లగా అటూఇటూ తిప్పి ఎత్తాలి. ఒక్కసారిగా పీకితే కొన్ని రకాల ప్రాసెసర్లు వెంట ఊడివచ్చి వాటి పిన్నులు వంగుతాయి. పాత పేస్ట్‌ను 90 శాతానికి తగ్గని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. ఇది మండే ద్రవం; పొయ్యికీ, పూజాదీపానికీ దూరంగా, కిటికీ తెరచి వాడాలి. గోళ్ళరంగు తుడిచే ద్రవం పనికిరాదు. అందులో తరచుగా ఉండే అసిటోన్ కొన్ని ప్లాస్టిక్కులను కరిగిస్తుంది. కొత్త పేస్ట్ వేశాక మరలను ఎదురెదురు మూలల క్రమంలో కొంచెం కొంచెంగా బిగించాలి.

మూత వేయడానికి ముందు ఒకసారి నడిపి చూడడం మంచిది. ఫ్యాన్ తీగను తిరిగి తగిలించడం మరచిపోవడం, చేయి తిరిగినవారికీ జరిగేదే.