వస్తాదా? వస్తాదేమోనా?

జూన్ నెలాఖర్లో అనంతపురం పల్లెల్లో ఏ టీ అంగడి దగ్గరైనా పావుగంట కూర్చోండి. మాటలన్నీ వాన చుట్టూనే తిరుగుతాయి.

"వాన వచ్చేటట్లుండాది మామా!"

"వస్తాదేమోలేప్పా. నిరుడూ ఇట్లే అనుకుంటిమి."

ఇద్దరూ మాట్లాడేది ఒకే వాన గురించి, ఒకే క్రియతో. తేడా అంతా దాని తోకలో ఉంది. 'వస్తాది' అంటే ధీమా. 'వచ్చేటట్లుండాది' అంటే కంటికి ఏదో ఆనవాలు కనబడింది, పడమట మబ్బో, తడిగాలో. 'వస్తాదేమో' అంటే మనసులో ఊగులాట. ఇక 'రావచ్చు' తమాషా చూడండి: 'వచ్చు' అనే క్రియే పోయి ఇంకో క్రియ నెత్తిన కూర్చుని అనుమానంగా మారింది!

పక్కూరి వానకైతే వేరే తోకలు. పొద్దున్నే దోవ తడిగా ఉంటే 'రాత్రి పడినట్లుండాది'. ఫోన్లో ఎవరో చెబితే 'పడిందంట'. దూరంగా ఉరుము విని ఊహిస్తే 'పడుంటాది'.

ఈ పనిలో మనకంటే ఘనులు గ్రీన్‌లాండ్ వాళ్లు. 2009 నుంచి వాళ్ల భాషే అక్కడ ఏకైక అధికార భాష. 'వాన పడుతుంది కాబోలు' అనాలంటే వాళ్లకు 'సియల్లిస్సగునర్పోక్' అనే ఒక్క మాట చాలు. అందులో 'స్స' రాబోయే కాలం, 'గునర్' మన 'కాబోలు'. ఆ 'గునర్' తీసేస్తే 'వాన పడుతుంది' అని గట్టిగా చెప్పినట్టే.

మనకు ఈ తోకలు ఊసుపోక మాటలు కావు. ఇక్కడ ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. పడమటి కనుమల వెనక వాననీడ మనది, తూర్పు తీరం దూరం. పదునైందని తొందరపడి శనక్కాయ విత్తితే, తర్వాత మూడు వారాలు మబ్బు మొహం చాటేస్తే విత్తనం, ఎరువు, ట్రాక్టరు బాడుగ మట్టిపాలు. ఆగితే అదును పోతుంది.

టీవీలోనేమో 'ఒకటి రెండు చోట్ల వర్షాలు కురిసే అవకాశం ఉంది' అంటారు. వాతావరణ శాఖ లెక్కలో దానర్థం, ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడుతుందని. ఆ సంగతి రైతుకు ఎవరు విడమరిచి చెప్పారు? ఆయనకు కావాల్సింది తన చేను మీద వస్తాదా, వస్తాదేమోనా అన్నది.

టీ గ్లాసు కింద పెట్టి మామ లేచాడు.

"విత్తనం రేపటికి సిద్ధం చెయ్ అబ్బీ. పడితే పడతాది."